సన్యాసప్పడి ముప్పయ్యారు గంటల మౌనం

ఆ రవాణా సంస్థ అధిపతిగారు ఒకసారి మూడు రోజుల సెమినార్‌కి వెళ్ళొచ్చారు. వెళ్ళినప్పుడు అందరిలాగే వెళ్ళారు. తిరిగొచ్చాక మాత్రం కాఫీ కప్పు వంక నిమిషం సేపు తదేకంగా చూసి, అప్పుడు తాగడం మొదలుపెట్టారు. కాఫీ ఎలాగూ చల్లారిపోతోంది కదా అని ప్యూను ముందే చల్లార్చి తెచ్చేవాడు. వారం తిరక్కుండా అన్ని డిపోలకూ సర్క్యులర్ వచ్చింది.

"సంస్థ ఎదుర్కొనుచున్న సకల సమస్యలకు మూలకారణము శబ్దమని ఉన్నతస్థాయి సమీక్షలో గుర్తించబడినది. కావున ప్రస్తుత సంవత్సరమును అంతరంగ ప్రశాంతతా సంవత్సరముగా ప్రకటించడమైనది."

ప్రతి జోన్ నుంచీ ఒక ఉద్యోగిని ఎంపిక చేసి, శ్రీలంక కొండల్లో ఉన్న ఒక బౌద్ధ విహారానికి శనాదివారాలు పంపాలి. అక్కడ శనివారం ఉదయం ఆరు నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా, ముప్పయ్యారు గంటలు, అతను మౌనంగా ఉండాలి. ఇక్కడే ఏదో ఒక కొండెక్కి మౌనంగా ఉంటే చాలదా అని ఒక డిపో మేనేజరు రాసి అడిగాడు. "స్వదేశీ మౌనము ఈ ఉత్తర్వుల పరిధిలోనికి రాదు" అని జవాబొచ్చింది.

ఎంపికకి ఒక పద్ధతి పెట్టారు. జోన్‌లో ఎవరు ఎక్కువ చప్పుడు చేస్తే వాళ్ళకే ప్రశాంతత ఎక్కువ అవసరం. కాబట్టి శబ్దాన్ని కొలిచే మీటరు పట్టుకుని ఒక బృందం బస్టాండు బస్టాండూ తిరిగింది. గజరాయపేట బస్టాండులో బస్సు హారన్లు కొలిచారు. సోడాల బండిని కొలిచారు. రెండు కుటుంబాల మధ్య సీటు తగాదా కూడా కొలిచారు. అప్పుడు పైనున్న లౌడ్‌స్పీకరులోంచి ఒక గొంతు వచ్చింది. మీటరు ముల్లు చివరి అంకె దాటి, వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయింది.

ఆ గొంతు లెంక సన్యాసప్పడిది. ఇరవయ్యారేళ్ళుగా ఆ బస్టాండులో బస్సులు పిలిచేది అతనే. మైకు గదికి ఒక చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి ప్లాట్‌ఫారాలన్నీ కనిపిస్తాయి. అందుకని అతని పిలుపులో బస్సు పేరూ ప్లాట్‌ఫారం నంబరూ మాత్రమే ఉండవు. "సాలూరు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికి వొచ్చింది. పచ్చ సంచీ మామ్మా, ఆ బస్సు నీది కాదు, నీది ఎనకాల వొస్తంది, కూకో," అంటాడు. మామ్మ చుట్టూ చూసి కూర్చుంటుంది. పోయిన ఏడాది కాన్పుకి వెళ్తున్న ఒక పిల్ల ఆయాసపడుతూ నడవడం చూసి, ఆమె ఎక్కేదాకా బొబ్బిలి బస్సు డ్రైవర్ని ఏడు నిమిషాలు కబుర్లతో ఆపేశాడు, మైకులోనే.

ఎంపికైనట్టు కాయితం వచ్చినప్పుడు అతను గర్వపడ్డాడు. రెండో పేజీ చదివాక కూర్చుండిపోయాడు. మౌనంలో విఫలుడైన ఉద్యోగిని టైర్ల గోడౌనుకి బదిలీ చేస్తారట. అతని స్థానంలో ప్రకటనల యంత్రం పెడతారట. ఆ యంత్రం అప్పటికే వచ్చి, ప్లాస్టిక్ కాయితం విప్పకుండా, స్టేషన్ మాస్టర్ బల్ల కింద ఉంది. అందులో ఒక అమ్మాయి గొంతు బస్సు వచ్చినా రాకపోయినా టైము ప్రకారం వచ్చిందని చెబుతుంది.

అతని భార్య పైడమ్మకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"నోరు మూసుకోడానికి ఇమానం ఎక్కాలేటి? ఆ రెండ్రోజులూ ఇంట్లో ఉండు, నాను మూయించనా?" అంది.

అది స్వదేశీ మౌనం అవుతుందనీ, చెల్లదనీ అతను వివరించాడు. పైడమ్మ చలికోటూ, పచ్చడి సీసా సర్దింది.

అతనితో పాటు పరిశీలకాధికారిగా చక్రధరరావు బయల్దేరాడు. జోనల్ కార్యాలయంలో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి. యాభై ఏళ్ళవాడు. ఏ కాయితమైనా మొదటి పేజీ చదవకుండా ముందు షరతులు చదువుతాడని పేరు. సన్యాసప్పడు నిజంగా మౌనంగా ఉన్నాడా లేదా అన్నది చూసి రాయడం ఆయన పని.

శుక్రవారం సాయంత్రానికి కొండ మీదికి చేరారు. చుట్టూ టీ తోటలు, కింద ఎక్కడో వాగు చప్పుడు, పైన తెల్లటి విహారం. రిటైరైన పోస్ట్‌మాస్టర్ సోమపాల వాళ్ళకి ఎదురొచ్చాడు. విహారం బాగోగులు చూసేది ఆయనే. సన్యాసప్పడి పాస్‌పోర్టు చూసి, పేరుకి అర్థం అడిగి తెలుసుకుని, ఇలాంటి పేరున్నవాడు ఇంత ఆలస్యంగా వచ్చాడేమిటని ఇంగ్లీషులో ఆశ్చర్యపడ్డాడు. అక్కడి పెద్ద భిక్షువుని అందరూ పెద్ద భంతే అంటారు, పేరు రేవత. ఎనభై ఏళ్ళుంటాయి. ఆయన ఇద్దరికీ చాపలు చూపించి, సోమపాల చేత నియమాలు రెండే చెప్పించాడు. మధ్యాహ్నం పన్నెండు దాటాక భోజనం ఉండదు. పొద్దున ఆరు నుంచి మాటలుండవు.

రోజుకి రెండు పూటలు భోజనానికి ఉద్యోగి అర్హుడని చక్రధరరావు సోమపాలకి నిబంధన చూపించాడు. సోమపాల దాన్ని శ్రద్ధగా చదివి, బాగుందని మెచ్చుకుని, తిరిగిచ్చేశాడు.

శనివారం ఆరింటికి గంట మోగింది. సన్యాసప్పడు ధ్యానశాలలో ఒక మూల కూర్చున్నాడు. మొదట నాలుక దురద పెట్టింది. గోడ మీద బల్లి పాకుతుంటే, ఇదిగో బల్లి ఉత్తరం వైపు బయల్దేరిందని చెప్పాలనిపించింది. అరగంట గడిచాక దురద తగ్గింది. గొంతులో ఎన్నేళ్ళుగానో బిగిసి ఉన్న ఏదో కండరం వదులైనట్టు, మెడ కిందుగా చల్లగా హాయిగా అనిపించింది. ఇది బాగానే ఉందే అనుకున్నాడు.

సరిగ్గా ఏడింటికి చక్రధరరావు ఫైలు పట్టుకుని వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మౌన ధ్రువీకరణ పత్రంలో ప్రతి గంటకీ ఒక గడి ఉంది. గడిలో టిక్కు పెట్టే ముందు ఉద్యోగి స్వయంగా, నోటిమాటగా ధ్రువీకరించాలి. సంతకాలైతే ఒకరివి ఒకరు పెట్టేస్తున్నారని ఆ ఏర్పాటు.

"గడచిన గంటలో మీరు మౌనంగా ఉన్నారా?" అని చక్రధరరావు చదివాడు.

సన్యాసప్పడు తలూపాడు. తల ఊపడం చెల్లదని చక్రధరరావు షరతు చూపించాడు.

"ఉన్నానండి," అన్నాడు సన్యాసప్పడు.

చక్రధరరావు టిక్కు పెట్టబోయి ఆగాడు. ఇప్పుడు మాట్లాడాడు కదా. మాట్లాడితే మౌనం భంగమైనట్టు. భంగమైతే లెక్క మళ్ళీ మొదటి నిమిషం నుంచి మొదలవ్వాలి. ఎనిమిదింటికీ అదే జరిగింది. తొమ్మిదింటికీ అదే. మూడు గంటల మౌనం మూడుసార్లు సున్నా అయ్యింది. ఈ లెక్కన ముప్పయ్యారు గంటలు పూర్తి కావాలంటే మనిషి చచ్చిపోయి ఉండాలి, అప్పుడు నోటిమాటగా ధ్రువీకరించలేడు.

విహారం మొత్తానికి ఫోను పలికేది నీళ్ళ ట్యాంకు మీద. చక్రధరరావు నిచ్చెనెక్కి ప్రధాన కార్యాలయానికి పరిస్థితి వివరించాడు. గంటన్నరకి వివరణ వచ్చింది. ధ్రువీకరణ నిమిత్తం ఉద్యోగి పలికే మాటలను మాటలుగా పరిగణించరాదు, వాటిని కార్యాలయ శబ్దముగా పరిగణించవలెను. ఈ గండం గడిచిందని ఆయన కిందికి దిగుతుండగా రెండో సందేశం వచ్చింది. ఎవరూ పలకరించనప్పుడు ఎవరైనా మౌనంగా ఉంటారు, కావున అట్టి మౌనము పరీక్షింపబడని మౌనము. ఉద్యోగిని మాట్లాడుటకు ప్రేరేపించి చూడవలెను. ప్రేరేపణల జాబితా జతపరచడమైనది.

మధ్యాహ్న భోజనమయ్యాక, ధ్యానశాలలో పదిమంది కళ్ళు మూసుకుని కూర్చున్న సమయంలో, చక్రధరరావు ఆ జాబితా పైకి చదివాడు.

"ఒకటి. మీ గొంతు బాగుండదని ప్రయాణికులు అనుకొనుచున్నారు."

సన్యాసప్పడు కదల్లేదు.

"రెండు. మీ బస్టాండు కంటె పక్క ఊరి బస్టాండు శుభ్రముగా నుండును."

అది నిజమే గనక దానికీ కదల్లేదు.

"మూడు. పార్వతీపురం బస్సు రెండవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును."

సన్యాసప్పడు కళ్ళు తెరిచాడు. పార్వతీపురం బస్సు అతను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అయిదో ప్లాట్‌ఫారం నుంచే బయల్దేరుతోంది. కూరగాయల గంపల ఆడవాళ్ళు అయిదో దాని దగ్గరే కూర్చుంటారు. ఈ మాట విని వాళ్ళు గంపలు నెత్తినెత్తుకుని రెండో దాని దగ్గరికి పరిగెడుతున్నట్టూ, అక్కడ పాలకొండ బస్సు ఎక్కేస్తున్నట్టూ అతనికి కళ్ళకు కట్టింది. ముఖం కందిపోయింది. పెదాలు విడివడ్డాయి. రెండు చేతులతో నోరు మూసుకోబోయి, ఒక చేత్తో మాత్రమే మూసుకుని, రెండో చేతి వేళ్ళు అయిదూ చాపి చక్రధరరావు ముఖం ముందు పెట్టాడు.

చక్రధరరావు రాసుకున్నాడు. "చేతి సంజ్ఞ. ఇది మాటయా, కాదా అను విషయమై స్పష్టత కోరవలెను."

నాలుగో ప్రేరేపణకి ఆయన గొంతు సవరించుకుంటుండగా భుజం మీద ఒక చెయ్యి పడింది. పెద్ద భంతే. ఆయన కోపంగా లేడు. ధ్యానశాలలో మాట్లాడినవాళ్ళు ముంగిట్లో ఆకులు ఊడవాలని సోమపాల చేత చెవిలో చెప్పించాడు. తాను అధికార విధుల్లో ఉన్నాననీ, తనవి కార్యాలయ శబ్దాలనీ చక్రధరరావు విన్నవించుకున్నాడు. భంతే అంతా విని, చేతిలోని ఫైలు మెల్లగా తీసుకుని మెట్ల మీద పెట్టి, చీపురు ఇచ్చాడు.

ఆ ముంగిలి పెద్దది. చుట్టూ చెట్లు. ఇటు ఊడ్చేసరికి అటు రాలుతున్నాయి. చక్రధరరావు మొదట ఎన్ని ఆకులు రాలాయో, ఎన్ని మిగిలాయో చూసుకుంటూ ఊడ్చాడు. తరవాత చూసుకోవడం మానేశాడు. సాయంత్రం బెల్లం ముక్కతో టీ ఇస్తే మెట్ల మీద కూర్చుని తాగాడు. చీకటి పడుతూనే నిద్రపోయి తెల్లారి గంటకి లేచాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ ఫైలూ కలలోకి రాని రాత్రి అదొక్కటేనని తరవాత చెప్పుకున్నాడు.

ఆదివారం ఆయనకి గంట గంటకీ ధ్రువీకరణ సంగతి గుర్తు లేదు. సన్యాసప్పడికి భయమేసింది. గడులన్నీ ఖాళీగా ఉంటే తన గతేమిటి? అతనే గంటకోసారి ముంగిట్లోకి వచ్చి, చేతి గడియారం చూపిస్తూ ఆయన ఎదుట నిలబడేవాడు. చక్రధరరావు చీపురు చంకన పెట్టుకుని, నీకేమన్నా సందేహమా అన్నట్టు చూసి, గడిలో టిక్కు పెట్టి మళ్ళీ ఊడ్చుకునేవాడు. నోటిమాట అడగడం ఎప్పుడో మానేశాడు.

ఆ ఆదివారం పౌర్ణమి. కింది ఊళ్ళ నుంచి తెల్లబట్టల్లో భక్తులు ఆరు బస్సుల్లో వచ్చారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, మోకాళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు. పూజలయ్యాయి. నాలుగున్నరకి అందరూ బస్సుల దగ్గరికి దిగడం మొదలుపెట్టారు.

అప్పుడు పొగమంచు దిగింది. ఒక్క పది నిమిషాల్లో విహారం గోపురం పోయింది, చెట్లు పోయాయి, చాచిన చెయ్యి పోయింది. విహారం కింద దారి మూడుగా చీలుతుంది. బస్సులు మూడు దారుల్లోనూ తలా రెండు ఆగి ఉన్నాయి. మూడో దారి పక్కన కట్ట లేదు, కిందంతా వాగు. వర్షం వచ్చేలా ఉంది. వర్షం పడితే ఘాట్ రోడ్డు మూసేస్తారని డ్రైవర్లు తొందరపెడుతున్నారు. హారన్లు కొడితే ఆరు హారన్లూ ఒకేలా ఉన్నాయి. తెల్లబట్టలవాళ్ళు తెల్లటి మంచులో ఒకర్నొకరు పిలుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. సోమపాల అరిచి అరిచి దగ్గుతున్నాడు.

సన్యాసప్పడు మెట్ల మీద నిలబడి విన్నాడు. కనిపించకపోయినా అతనికి ఆ చప్పుడు తెలుసు. అది బస్సు దొరకనివాళ్ళ చప్పుడు. ఒక ముసలమ్మ గొంతు మూడో దారి వైపు, ఉండాల్సినదానికంటే చాలా కిందుగా వినిపించింది.

గడియారం చూసుకున్నాడు. నాలుగూ యాభై. ఇంక గంటా పది నిమిషాలు. బల్ల కింద ప్లాస్టిక్ కాయితంలో ఉన్న యంత్రం గుర్తొచ్చింది. టైర్ల గోడౌనులో రబ్బరు వాసన గుర్తొచ్చింది. అక్కడ మాట్లాడితే వినడానికి ఎవరూ ఉండరు. పక్కన చక్రధరరావు చీపురుతో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చక్రధరరావు చీపురు గోడకి ఆనించాడు. ఫైలు తీసి చంకలో పెట్టుకుని అటు తిరిగాడు.

సన్యాసప్పడు మెట్లు దిగి, ముందు మూడో దారిలోకి వెళ్ళాడు. మొదటి బస్సు తలుపు మీద చరిచి, ఏ ఊరని డ్రైవర్ని చేత్తో అడిగాడు. మాతలె అన్నాడతను. సన్యాసప్పడు బస్సు మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని, ఒకటిన్నర రోజులు విశ్రాంతి తీసుకున్న గొంతు ఎత్తాడు.

"మాతలే... మాతలే... మాతలె ఎళ్ళాల్సినోలు ఇలాగొచ్చీండి. మామ్మా, అక్కడే ఆగిపో. అడుగు తియ్యకు. నా గొంతు వైపు తిరుగు."

తెలుగు అక్కడ ఎవరికీ రాదు. కానీ మాతలె అన్న ముక్క అందరికీ తెలుసు, గొంతు ఎటునుంచి వస్తోందో చెవికి తెలుస్తోంది. మంచులో తెల్లటి ఆకారాలు ఆ గొంతు వైపు తిరిగాయి. కిందుగా ఉన్న ముసలమ్మ గొంతు ఆగింది, తరవాత కాస్త పైన వినిపించింది, చివరికి ఆమె చెయ్యే వచ్చి సన్యాసప్పడి చలికోటు పట్టుకుంది. ఆమెని ఎక్కించి రెండో బస్సు దగ్గరికి పరిగెత్తాడు. అది బదుల్ల. ఆ తరవాత హట్టన్, ఆ తరవాత కాండీ. పేర్లు అతనికి కొత్త. రెండుసార్లు పిలిచేసరికి పాతవైపోయాయి. కాండీ బస్సులోకి వచ్చినవాళ్ళలో ఇద్దరు బదుల్లవాళ్ళని కనిపెట్టి వెనక్కి పంపాడు. ఎలా కనిపెట్టాడో అతనికే తెలీదు, దారి తప్పినవాళ్ళు నిలబడే తీరు ఎక్కడైనా ఒకటేనన్నాడు.

గంట సేపటికి ఆరు బస్సులూ లైట్లు వేసుకుని, ఒకదాని వెనక ఒకటి కొండ దిగాయి. చినుకులు మొదలయ్యాయి. విహారంలో ఆరు గంటలు కొట్టారు.

ధ్యానశాల మెట్ల మీద సన్యాసప్పడు కూలబడ్డాడు. తను పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది. పెద్ద భంతే స్వయంగా టీ తెచ్చిచ్చాడు. సోమపాలతో ఒక కాయితం రాయించి, సంతకం పెట్టాడు. అది సింహళంలో ఉంది. సోమపాల దాని అర్థం చెప్పాడు. ఈయన ఇక్కడికి వచ్చాడు. కూర్చోమన్నప్పుడు కూర్చున్నాడు. పొగమంచులో మూడు వందల పన్నెండు మందిని ఇళ్ళకు పంపాడు. మళ్ళీ రావచ్చు.

తిరుగు విమానంలో సన్యాసప్పడు, టైర్లకి కూడా పేర్లు పెట్టి పిలుచుకోవచ్చులే అని తనకి తను నచ్చజెప్పుకుంటున్నాడు. చక్రధరరావు మాత్రం సర్క్యులర్ తీసి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు. చెన్నైలో దిగేసరికి రెండోసారి చదువుతున్నాడు.

గురువారం ప్రధాన కార్యాలయం నాలుగో అంతస్తులో ముగ్గురు అధికారుల సంఘం కూర్చుంది. ఆ అంతస్తుకి ప్రయాణికులు రాసిన ఉత్తరాలు వస్తాయి, అక్కణ్ణుంచి బయటికి ఏవీ వెళ్ళవు. ప్రశాంతతా సంవత్సరంలో ఆ అంతస్తుకే మొదటి బహుమతి వచ్చింది. సంఘం వారు భంతే కాయితాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. అక్షరాలు మనవాటిలాగే గుండ్రంగా ఉన్నాయి గనక అర్థం కావాలని, కానీ కావడం లేదని అధ్యక్షులవారు అభిప్రాయపడ్డారు. చక్రధరరావు తన నివేదిక చదివాడు. ముప్పై నాలుగు గంటల యాభై నిమిషాల మౌనం, గంటా పది నిమిషాల మాట. ఏదీ దాచలేదు.

"అట్లయిన విఫలుడే గదా. బదిలీ ఉత్తర్వు సిద్ధము చేయుడు," అన్నారు అధ్యక్షులు.

సన్యాసప్పడు నేల చూపులు చూశాడు.

"ఒక్క మనవి," అన్నాడు చక్రధరరావు. "పద్నాలుగో షరతు ప్రకారం, తుదిగా విఫలుడైన ఉద్యోగినే బదిలీ చెయ్యాలి. మూడో షరతు ప్రకారం, ఉత్తీర్ణుడయ్యే దాకా ప్రతి ఏడాదీ పంపుతూనే ఉండాలి. పంపుతూ ఉన్నంతకాలం తుదిగా విఫలుడు కాలేడండి. ఆనాటిదాకా యథాతథ స్థితి."

సంఘంవారు షరతులు తిరగేశారు. అవి వారే రాసినవి గనక కాదనలేకపోయారు.

"మరి ఎప్పటికి తుదిగా విఫలుడగును?" అని రెండో సభ్యుడు అడిగాడు.

"రిటైరయ్యాకనండి."

"రిటైరైన పిమ్మట బదిలీ చేయవచ్చునా?"

"ఆ విషయమై స్పష్టత కోరవచ్చునండి."

స్పష్టత కోరవలెనని తీర్మానించి సంఘం లేచింది. యథాతథ స్థితి అంటే యంత్రం కూడా ప్లాస్టిక్ కాయితంలో యథాతథంగా ఉండాలని చక్రధరరావు మినిట్స్‌లో ఒక వాక్యం చేర్పించాడు.

శుక్రవారం పొద్దున సన్యాసప్పడు మైకు ముందు కూర్చున్నాడు. వారం పాటు ఎవరూ పిలవక, ప్రయాణికులు ఏ బస్సు కదిలితే ఆ బస్సెక్కి ఎక్కడెక్కడో తేలారట. ఆ కథలు వింటూ పార్వతీపురం బస్సుని అయిదో ప్లాట్‌ఫారం మీదికి రెండుసార్లు, అవసరానికి మించి ఒకసారి, పిలిచాడు. మైకు గది తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టయి తిరిగి చూశాడు. చక్రధరరావు. జీపులో కాదు, బస్సులో వచ్చాడు.

లోపలికొచ్చి, మైకు ఆపి ఉందో లేదో చూసుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వచ్చే ఏడాదికి కూడా తననే పరిశీలకాధికారిగా వెయ్యమని దరఖాస్తు పెట్టానన్నాడు. ఈలోగా వేరే ఎవరూ ఆ పని అడక్కుండా, అది చాలా కష్టమైన బాధ్యతని నివేదికలో రాశానన్నాడు. స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"సన్యాసప్పడూ, ఒక్కమాట. వచ్చే ఏడాది నువ్వు పాసయిపోకు."

సన్యాసప్పడు ఆలోచించాడు.

"నా సేతిలో ఏటుంది సార్. మంచు పడాల కదా," అని, మైకు నొక్కి సాలూరు బస్సుని పిలిచాడు.